పెట్టెలో లేని కాగితం

మార్చి 12, బుధవారం
మందుల షాపు కౌంటర్ మీద నుంచి

నా ముద్దుల చెల్లెలికి,

దీవెనలతో మొదలుపెట్టి తిట్లతో ముగించబోయే ఉత్తరం ఇది. ఇక్కడ అందరం క్షేమం. మీ బావ మోకాలు మాత్రం ఎప్పటిలాగే మూలుగుతోంది.

పొద్దున షట్టర్ ఎత్తుతుంటే నీ ఉత్తరం వచ్చింది. చదివిన కంగారులో దగ్గుమందు అడిగిన పెద్దాయనకు కంటి చుక్కలు ఇచ్చాను. ఆయన చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆదివారం కుట్టుమిషన్‌తో సహా వేరే అద్దె గదికి వెళ్లిపోతావా? మీ ఆయన చెయ్యి వేస్తే ఒళ్లు బిగుసుకుపోతోందని, ప్రేమ చచ్చిపోయిందని తేల్చేశావా? ఇంకెవరైనా ఉన్నారా అని అతను అడిగితే, ఎవరూ లేరు, నాలోనే ఏమీ మిగల్లేదు అన్నావట. కళ్లజోళ్లు చేసుకునే ఆ మెతక మనిషి ఆ మాట ఎలా విన్నాడో!

నాకు నమ్మబుద్ధి కాలేదే. పెళ్లయిన కొత్తలో భోజనానికి పిలిస్తే మీరిద్దరూ గంట ఆలస్యంగా వచ్చేవాళ్లు. టైలరువై ఉండి నువ్వు బట్టలు తిరగేసి తొడుక్కుని మరీ వచ్చేదానివి.

ఆగస్టు నుంచి ఇలా ఉందని రాశావు. అండాశయాల్లో నీటిబుడగలని, నెలసరి సరిగ్గా రావడం లేదని డాక్టరమ్మ నీకు హార్మోన్ మాత్రలు మొదలుపెట్టింది జూలైలో. షట్టర్ సగం దించి ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. కొందరికి ఈ మాత్రలతో కోరిక తగ్గుతుందని తాపీగా చెప్పింది. అందరికీ కాదట. నీకు అదే కారణమో కాదో చూడకుండా చెప్పలేనంది. అదే అయితే మందు మార్చొచ్చట. నీ అంతట నువ్వు ఆపేయొద్దంది. పాతికేళ్లుగా మందులు అమ్ముతూ ఈ సంగతి నాకు తట్టనే లేదు.

పెట్టెలో మందు వివరాల కాగితం ఉంటుందిగా, మీ చెల్లి చదవలేదా అని కూడా అడిగింది. తలొంచుకుని వచ్చేశాను.

శుక్రవారం రమ్మంది. ఇద్దరూ రండి. ఆదివారం సంగతి ఆ తర్వాత చూద్దాం. నిజంగా ఇష్టం పోయిందంటే నేను అడ్డురాను. కానీ ఒక మాత్ర చేసిన పనికి మనిషిని వదిలేయకు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, నెలనెలా నేను పంపే మందుల పెట్టె మాత్రం తెరుస్తావు. అందుకే ఈ ఉత్తరం అందులో పెట్టి పంపుతున్నాను.

నీ మందులక్క

తా.క.: తిట్లతో ముగిస్తానన్నాను కదా, అవి నాకే. చిన్నప్పుడు జ్వరం మాత్రల కాగితం చదివి, అందులో రాసిన దురదలూ వాంతులూ అన్నీ సాయంత్రానికల్లా తెచ్చుకున్నావు. ఆ భయంతోనే ఎనిమిది నెలలుగా నీ పెట్టెలోంచి కాగితం తీసేసి పంపుతున్నాను. ఎనిమిదీ ఇక్కడే మేకుకు వేలాడుతున్నాయి. సరుకుల పట్టీలు రాసుకోవడానికి వాడుకున్నాను. ఇవాళ మొదటిసారి చదివాను. కోరిక తగ్గవచ్చు అన్న ముక్క రెండో పేజీలో ఉంది. దాని మీద నా చేతిరాతతో "దూది, బ్యాండేజీ" అని ఉంది. ఈసారి కాగితం తియ్యలేదు. చదువు, తర్వాత వచ్చి నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు.