దారపు పరుపు

డిసెంబర్ 9, 2023. కోరుట్ల

నా కుందేలు దేనివల్ల చచ్చిపోయింది? ముప్పై నాలుగేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. ఇవాళ ఇంట్లోకి మళ్లీ కుందేళ్లు వచ్చాయి. రెండు. ఒకటి తెల్లది, ఒకటి గోధుమ రంగుది.

తమ్ముడు విజయ్ సిరిసిల్ల నుంచి తెచ్చి దించాడు. వాటితో పాటు తన బిడ్డ సృజనను కూడా. సాంచాలు, అదే పవర్‌లూమ్‌లు, ఆగి రెండు నెలలైంది. మొగుడూపెళ్లాలు అదే పనికి మహారాష్ట్రలోని భివండి పోతున్నారు. పిల్ల చదువు ఇక నా దగ్గర. "ఉగాదికల్ల అస్తం అక్కా. పిల్లను, గా రెండింటిని జర సూస్కో" అన్నాడు.

సృజన ఏడవలేదు. కుందేళ్లు బాగుంటే డాడీ వస్తాడట. నాతో అలాగే చెప్పింది. పదేళ్ల పిల్ల పెట్టుకున్న షరతు.

డిసెంబర్ 10

సృజన ఒక సంచి విప్పింది. నిండా వేస్ట్ దారం. వాళ్ల నాన్న పనిచేసిన కార్ఖానలో కిందపడ్డ ముక్కలు, చిక్కులు. అదే కుందేళ్లకు పరుపట. సిరిసిల్ల ఇంట్లో అట్లే వేసేదట.

ఆ నూనె వాసన. ఒక్క క్షణం నేను మా పాత ఇంట్లో, పొయ్యి పక్కన కూర్చున్నాను. అవ్వ, అంటే మా అమ్మ, కండెలు చుడుతోంది. బాపు భివండిలో ఉన్నాడు. నా తెల్ల కుందేలు దారం కుప్పలో ముక్కు ఆడిస్తోంది. నేతోళ్ల ఇంట్లో గడ్డి ఎక్కడిది? దారమే ఉండేది. నేనే వేశాను. పదిహేను రోజులకు తిండి మానేసి చచ్చిపోయింది. చలికి పోయిందని అవ్వ అంది.

యూనివర్సిటీలో ఉన్నప్పుడు ఏదో పుస్తకంలో చదివాను, దారం మింగితే కుందేలు పేగు మూసుకుపోతుందని. అప్పటినుంచి నేనే చంపానని అనుకుంటున్నాను.

సంచి అటక మీద పెట్టేశాను. పిల్ల ముఖం చూడలేదు.

డిసెంబర్ 17

వరిగడ్డి తెప్పించాను. పెట్టె కింద గోనెసంచి, కిటికీకి పాత దుప్పటి. వేడినీళ్ల సీసాకు టవల్ చుట్టి ఓ మూల పెడుతున్నాను. పక్కింటి మొగిలవ్వ చూసి నవ్వింది. "మా ఆయన పన్నెండేండ్లు మస్కట్ల ఉండి అచ్చిండు మేడం. ఆయనకు సుత నేను గిన్ని మర్యాదలు చెయ్యలే."

సృజన కూడా నవ్వింది. వచ్చిన తర్వాత మొదటిసారి.

డిసెంబర్ 26

బాగా పొగమంచు. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. తింటున్నాయి.

జనవరి 3, 2024

విజయ్ వీడియో కాల్. ఒక్క గదిలో మూడు కుటుంబాలట, మధ్యలో చీర అడ్డం కట్టుకున్నారట. ముందు కుందేళ్లను చూపించమన్నాడు. తర్వాతే బిడ్డను.

బాపు కూడా ప్రతి ఉత్తరంలో నా కుందేలును అడిగేవాడు. అది చచ్చిపోయిందని రాయొద్దంది అవ్వ. ఉత్తరాల్లో అది ఇంకో నాలుగు నెలలు బతికింది. ఒకసారి పిల్లల్ని కూడా పెట్టింది. అది నేనే రాశాను.

జనవరి 8

గోధుమ రంగుది క్యారట్ ముట్టలేదు. చెవులు చల్లగా ఉన్నాయి. కాలేజీకి సెలవు పెట్టి, పెట్టెకు శాలువా చుట్టి జగిత్యాల బస్సెక్కాను. సృజన వస్తానంటే స్కూలుకు పొమ్మన్నాను.

మేడిపల్లి దాటాక ఒళ్లో పెట్టె బరువు మారినట్టు అనిపించింది. శాలువా తీసి చూడలేదు.

పశువుల డాక్టర్ ప్రాణం పోయిందన్నాడు, చలి తగిలి ఉండొచ్చన్నాడు. ఇంకేదైనా కూడా కావొచ్చట. కోసి చూస్తే తెలుస్తుందన్నాడు. వద్దన్నాను. పిల్ల కోసమే వద్దన్నానని దారంతా చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి నాకు భయమేసింది.

జనవరి 9

పెరట్లో పూడ్చాం. మొగిలవ్వ దోసెడు ఉప్పు తెచ్చి గుంతలో పోసింది. కాళ్లు కడుక్కుంటుంటే సృజన అంది, గొంతు ఎత్తకుండా: "దారం ఏస్తే సలి పెట్టకపోవు అత్తమ్మా. నువ్వే ఎయ్యనియ్యలే."

ఈసారి దారం లేదు. గడ్డి ఉంది, వేడినీళ్లున్నాయి, చదువుకున్న అత్త ఉంది. అయినా పోయింది. మరి నాది దేనితో పోయినట్టు? అవ్వ నిజమే చెప్పిందా? అడుగుదామంటే అవ్వ పోయి మూడేళ్లు.

జనవరి 11

ఫోన్‌లో సృజన వాళ్ల నాన్నతో అంటోంది: "రెండు మంచిగున్నయి డాడీ. పండుకున్నయి. ఇప్పుడు సూపియ్య."

వంటింట్లో ఉండి విన్నాను. బయటికి రాలేదు.

జనవరి 12, పొద్దున ఆరు

అటక కింద స్టూల్ ఉంది, పైన సంచి లేదు. పెట్టెలో తెల్లదాని కింద, చుట్టూ దారం, మెడ దాకా. తీసేద్దామని చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. తెల్లది కదిలింది, మళ్లీ ముడుచుకుంది.

చెయ్యి ఇంకా తీయలేదు, ఎడమ చేత్తో రాస్తున్నాను. సృజన లేవడానికి అరగంట ఉంది. దారం తీయాలో, ఉంచాలో తేల్చుకోలేకపోతున్నాను.