రెండుసార్లు తట్టితే

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ మొదటిసారి పూల్ వదిలి సముద్రంలో ఈదాం. నేను ముందు, వదిన నా వెనక. నీళ్లలో దిగేముందు వదిన కళ్లజోడు తీసి అన్నయ్య చేతికిచ్చింది. ఏడున్నర మైనస్. అది తీసేస్తే అన్నయ్యకీ కరెంటు స్తంభానికీ తేడా తెలియదు ఆవిడకి. ఆ మాట నేనంటే, తేడా ఏముందిలే, రెండూ నిలబెట్టిన చోటే నిలబడతాయి అన్నాడు అన్నయ్య.

కోచ్ చెప్పిన పద్ధతి ఇది. ముందువాళ్ల పాదాల వెంటే ఈదితే వెనకవాళ్లు తలెత్తి దారి వెతుక్కోనక్కర్లేదు. శ్రమ కూడా తక్కువ. దారి చూపడానికి నీళ్ల మీద తేలుతూ ఉండే బోయ్‌లు వదినకి దూరం నుంచి కనిపించవు కాబట్టి ఆవిడకి ఇంకో దారి లేదు. ఈ వయసులో ఆడపడుచు కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది చూడు అని నవ్వింది.

గుర్తు కూడా వదినే పెట్టింది. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్లు కంగారులో ఉన్నప్పుడు అరిస్తే ఇంకా కంగారు పడి యాక్సిలరేటర్ తొక్కేస్తారట. అందుకని అరవదు. డ్యాష్‌బోర్డ్ మీద వేళ్లతో రెండుసార్లు తడుతుంది. అంటే ఆపు అని. నీళ్లలోనూ అదే. నా అరికాలి మీద రెండుసార్లు తట్టితే నేను ఆగాలి. ఇవాళ ఒకసారి ఉప్పునీళ్లు మింగి తట్టింది. ఇంకోసారి ఊరికే, ఆగుతానో లేదో చూద్దామని.

పవర్ ఉన్న గాగుల్స్ చేయించుకోమని కోచ్ అన్నాడు. నేను పనిచేసేదే కళ్లజోళ్ల షాపులో. కళ్లు పరీక్ష చేసేదీ నేనే. చిటికెలో చేయించగలను. కానీ ఎందుకండీ, నా కాళ్లు ఉండగా అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఎంత బాగుందో.

ఫిబ్రవరి 11, మంగళవారం

వచ్చే నెల మేమిద్దరం వెళ్లబోయే పోటీకి పోయినేడు నేను ఒక్కదాన్నే వెళ్లాను. ముందు ఈత, తర్వాత సైకిల్, తర్వాత పరుగు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గానీ తేలదు. నాది ఈత దగ్గరే తేలిపోయింది. ఇచ్చిన టైమ్ అయిపోయింది. ఒడ్డున జనం గొడుగుల రంగులతో సహా కనిపిస్తూనే ఉన్నారు, బోటువాళ్లు పక్కకి వచ్చి ఇక ఎక్కమ్మా అన్నారు. ఒళ్లో తువ్వాలు పడేసి, చంటిపిల్లని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

మా షాపు ఓనర్‌కి అప్పటినుంచీ అదొక పండగ. కస్టమర్లకి నన్ను చూపించి, మా మేడమ్ మొన్న సముద్రంలో బోటు షికారు చేసొచ్చిందండీ అంటాడు. నేనూ నవ్వుతాను. ఫ్రేములు తుడుస్తూ, మనసులో వాడి నోట్లో ఆ గుడ్డ కుక్కుతాను.

వదిన ఈత నేర్చుకున్నది ఆ బోటు సంగతి విన్నాకే. నలభై ఆరేళ్ల వయసులో, చిన్నపిల్లల పక్కన చెక్క పట్టుకుని కాళ్లు కొట్టడం దగ్గర మొదలుపెట్టింది. నువ్వు ఒక్కదానివే అంత నీళ్లలో పడితే నేను ఒడ్డున నిలబడి చావాలి, దానికన్నా నీతో వచ్చి చావడం నయం అంది. 

ఈసారి పూర్తి చెయ్యాలి. చెయ్యకపోతే ఆ షాపులో ఇంకో ఏడాది తలెత్తుకుని తిరగలేను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వదిన నాకన్నా నెమ్మది. ఇక్కడ రాస్తున్నాను గానీ నోటితో అనను.

మార్చి 8, శనివారం, సాయంత్రం

లాడ్జ్ గదిలో నేల మీదంతా సామానే. హెల్మెట్లు, బూట్లు, అరటిపళ్లు, వాజలిన్. అన్నయ్య ఒక మూల మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, మీరు పోటీకి వెళ్తున్నారా, కాపురం పెట్టడానికి వెళ్తున్నారా అంటున్నాడు.

వదిన కళ్లజోడు పెట్టె రేపు నా సంచిలోనే. ఇద్దరం నీళ్లలోంచి కలిసే వస్తాం కదా, సైకిళ్ల దగ్గర నీ సంచి ముందుంటుంది, అక్కడే పెట్టుకుంటాను అంది. అద్దాలు తుడిచి, పెట్టె మూసి, నా సంచి పక్క జేబులో తనే పెట్టింది. జిప్ వేసి ఒకసారి తట్టింది కూడా. ఇప్పటినుంచి నీళ్లలో దిగేదాకా నా చెయ్యి పట్టుకునే తిరుగుతుందట.

వదిన వేగంతో వెళ్తే టైమ్ లోపల ఒడ్డుకి చేరతాం. మధ్యలో ఒకసారి ఆగినా చేరతాం. రెండోసారి ఆగితే కష్టం. ఈ లెక్క వేయకూడదు అనుకుంటూనే వేశాను.

మార్చి 9, ఆదివారం, తెల్లవారుజాము

నాలుగుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాను. వదిన రెండే. ఇందులోనూ నేనే ముందు.

మార్చి 10, సోమవారం

పూర్తి చేశాను. మెడల్ టేబుల్ మీద ఉంది. దాని మీద న్యూస్‌పేపర్ కప్పాను.

రాయాలి. రాయకపోతే ఇవాళ కూడా అన్నం దిగదు.

నీళ్లు చల్లగా, మురికిగా, పైకీ కిందకీ ఊగుతున్నాయి. ముందు అంతా కాళ్లూ చేతులే. ఎవరి మోచెయ్యో నా చెవికి తగిలింది. కాసేపటికి జనం పలచబడ్డారు. వెనక వదిన ఉందని తెలుస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి అప్పుడప్పుడూ నా మడమకి తగిలేది. మొదటి బోయ్ దాటాక రెండుసార్లు తట్టింది. ఆగాను. ముక్కులోకి నీళ్లు పోయాయి, దగ్గుతోంది. ఏం పర్వాలేదు పద అంది. ఆ ఒక్కసారి ఆగడం అక్కడ అయిపోయింది.

రెండో బోయ్ తిరిగాక అలలు ఎదురొచ్చాయి. వాచీ చూసుకున్నాను. చూడకుండా ఉండాల్సింది. బోటు ఒకటి మాకు కాస్త దూరంలో మెల్లగా వస్తోంది. అదే రకం బోటు. నాకు ఓనర్ మొహం కనిపించింది. ఒట్టు, ఆ నీళ్లలో, పళ్లు బయటపెట్టి నవ్వుతూ.

అప్పుడు తట్టింది. రెండుసార్లు.

జనంలో ఎవరి చెయ్యో తగిలిందని అనుకోవడానికి లేదు. అక్కడ జనం లేరు. వదిన వేళ్లే. వదిన తట్టే తీరే. నేను ఆగలేదు. కాళ్లు గట్టిగా కొట్టాను. మళ్లీ రెండుసార్లు తట్టింది. ఈసారి ఆ వెంటనే మడమ పట్టుకోబోయింది, వేళ్లు జారిపోవడం తెలిసింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. ఆ తర్వాత నా పాదాలకి నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు.

వెనక్కి చూడలేదు. ఊపిరికి తల తిప్పినప్పుడు కూడా ఒడ్డు వైపే తిప్పాను. ఏడున్నర మైనస్ మనిషిని, బోయ్ ఎటుందో ఒడ్డు ఎటుందో తెలియని మనిషిని, సముద్రం మధ్యలో వదిలేసి నేను బాగా ఈదాను. జన్మలో అంత బాగా ఎప్పుడూ ఈదలేదు.

టైమ్ లోపలే ఒడ్డుకి చేరాను. సైకిల్ దగ్గర సంచి తెరిస్తే కళ్లజోడు పెట్టె చేతికి తగిలింది. వదిన సైకిల్ మీద పెట్టి వెళ్దామా అనుకున్నాను. వెనకే వస్తుందిలే అనుకున్నాను. రాదని నాకు తెలుసు. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాను.

సైకిల్ మీద ఉన్నంతసేపూ ఎవరినీ అడగలేదు. రోడ్డు పక్కన వాలంటీర్లు నీళ్లిచ్చారు, తీసుకున్నాను. మా వదిన ఏమైందో కనుక్కోండి అని ఒక్క మాట అడగొచ్చు. వాళ్లేం చెప్తారోనని అడగలేదు. ఇంతకన్నా పిరికి మనిషి ఉంటుందా?

సైకిల్ దిగేటప్పటికి కంచె అవతల అన్నయ్య ఉన్నాడు. వదినని బోటులో తెచ్చారు, కాస్త నీళ్లు తాగింది, డాక్టర్ చూశాడు, బాగానే ఉంది, నువ్వు పరిగెత్తు, నిన్ను పరిగెత్తమని చెప్పమంది అన్నాడు. పరిగెత్తాను. కళ్లజోడు ఇవ్వడం మర్చిపోయాను. సంచి నా కాళ్ల దగ్గరే ఉంది, అన్నయ్య చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్నాడు, మర్చిపోయాను.

దానివల్ల ఏం జరిగిందో ఫినిష్ లైన్ దగ్గర తెలిసింది. నాకు ముందు ఇంకో ఆవిడ వెళ్తోంది, నాలాగే ఎర్ర బనీను. వదిన దుప్పటి కప్పుకుని, కంచె మీదకి వంగి, ఆవిడే నేననుకుని నా పేరుతో అరుస్తోంది. శభాష్ తల్లీ, అయిపోయింది తల్లీ, అయిపోయింది అని. ఆవిడ పాపం తికమకపడి చెయ్యి ఊపింది. వెనక నేను వచ్చాను. నన్ను చూసి వదిన ఏమీ అనలేదు. నేనని తెలియలేదు.

అన్నయ్య తర్వాత చెప్పాడు. ఎర్ర బనీను ఎవరు కనిపించినా మధ్యాహ్నం నుంచీ అలాగే అరుస్తోందట. మగవాళ్లకి కూడా అరిచిందట.

నేను దగ్గరకి వెళ్తే మొహం తడిమి చూసి కౌగిలించుకుంది. పక్కన అన్నయ్య, కోచ్, ఇంకెవరెవరో ఉన్నారు. పాపం నేను తట్టాను గానీ ఆ జనంలో నీకేం తెలుస్తుందిలే అంది.

అసలు తెలియలేదు వదినా అన్నాను.

మార్చి 12, బుధవారం

ఓనర్ కేకు తెప్పించాడు. మెడల్‌తో ఉన్న నా ఫోటో పెద్దది చేయించి, అద్దాల అల్మారాలో ఫ్రేముల మధ్య పెట్టాడు. బోటు జోకు ఇక వేయనండీ అని చెంపలు వేసుకున్నాడు. ఇదే కదా నాకు కావాల్సింది. కేకు నోట్లో పెట్టుకుని వాష్‌రూమ్‌కి వెళ్లి ఊశాను.

మార్చి 16, ఆదివారం

పూల్‌కి వెళ్లలేదు. జలుబని మెసేజ్ పెట్టాను. వదిన ఒక బొమ్మ పంపింది, బొటనవేలు. అంతే. మామూలుగా అయితే మిరియాలు, పసుపు, ఆవిరి అని అరగంట ఫోన్ చేసేది.

మార్చి 20, గురువారం

వదిన షాపుకి వచ్చింది. చెప్పకుండా, మధ్యాహ్నం, ఓనర్ భోజనానికి వెళ్లిన టైమ్‌లో. పవర్ గాగుల్స్ కావాలంది. కొత్తగా కళ్లు చూడమంది. కస్టమర్‌లాగే కుర్చీలో కూర్చుంది.

లైటు ఆర్పి అక్షరాల బోర్డు వెలిగించాను. ఆవిడ ముక్కు మీద టెస్ట్ ఫ్రేమ్ పెట్టడానికి వంగితే మా మొహాల మధ్య బెత్తెడు దూరం. గడ్డం కింద బోటు ఎక్కించేటప్పుడు ఒరుసుకున్న గీత ఇంకా మానలేదు. ఒక లెన్సు వేశాను. తీశాను. అదే లెన్సు మళ్లీ వేశాను. చీకటిగా ఉండబట్టి అనగలిగాను. వదినా, నువ్వు తట్టింది నాకు తెలిసింది అన్నాను.

తెలుసు అంది.

ఎలా అన్నాను. తట్టిన ప్రతిసారీ నా కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటాయట. ముందు వేళ్లు ముడుచుకుంటాయి, తర్వాత ఆగుతాను. పూల్‌లో, సముద్రంలో, ఎప్పుడైనా అంతే. ఆ రోజు రెండుసార్లూ ముడుచుకున్నాయట. దూరానిది నాకు కనిపించదు గానీ జానెడు దూరంలో ఉన్నది నీకన్నా బాగా కనిపిస్తుంది, కళ్లు చూసేదానివి, నీకా సంగతి నేను చెప్పాలా అంది.

నిజమే. మైనస్ ఎక్కువున్నవాళ్లకి దగ్గరది అద్దంలా కనిపిస్తుంది. వచ్చినవాళ్లకి రోజూ నేనే చెప్తాను ఆ మాట.

మరి ఫినిష్ దగ్గర జనంలో తెలియదులే అన్నావు కదా అన్నాను. అది మీ అన్నయ్య వినడానికి అంది. ఆయనకి తెలిస్తే జన్మలో నీతో మాట్లాడడు. నాతో ఒక్కదానితో ఉన్నప్పుడు నువ్వే చెప్తావనుకున్నాను, చూశాను, చూశాను, నీకు జలుబు చేసింది అంది.

కోపం దేనికి వదినా, వదిలేసి పోయినందుకా, తెలియలేదని అబద్ధమాడినందుకా అని అడిగాను. అడగడానికి సిగ్గుండాలి నాకు. ఇదా అదా అని నీ లెన్సుల్లాగ అడక్కు, రెండూ అంది.

బోటులో భయమేసిందట. చచ్చిపోతానని కాదట. వాళ్లు నిన్ను కూడా ఎక్కించేస్తారేమో, మళ్లీ ఏడుస్తావేమోనని చుట్టూ చూశానే పిచ్చిదానా, ఏమీ కనిపించలేదు అంది. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడవకు, ఏడిస్తే నెంబరు తప్పుగా రాస్తావు అంది. చివరి వరుస దాకా చదివింది. బిల్లు కట్టి, రసీదు అడిగి తీసుకుని వెళ్లింది.

రసీదు అడిగింది. నా దగ్గర.

మార్చి 21, శుక్రవారం

అల్మారాలోంచి ఫోటో తీసేశాను. ఏమైందండీ అన్నాడు ఓనర్. మా వదినని నీళ్లలో వదిలేసి కొట్టిన మెడల్ అది అన్నాను. వెటకారం అనుకుని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. సాయంత్రం దాకా నాతో ఫ్రేముల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. 

అన్నయ్యకి చెప్పాలా? వదిన వద్దంది. చెప్పకపోవడం నాకు సుఖంగా ఉంది, అదే నా బాధ.

మార్చి 29, శనివారం

గాగుల్స్ వచ్చాయి. రెండు అద్దాలూ నేనే మిషన్‌లో పెట్టి సరిచూశాను, మళ్లీ చూశాను. ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చాను. గుమ్మంలోనే పెట్టుకుని, వంటింట్లో అన్నయ్యని చూసి, అబ్బే, ఇలాగే ఉంటాడా ఈయన అంది. అన్నయ్య నవ్వాడు. నన్ను కూర్చోమనలేదు వదిన. వెళ్లమనీ అనలేదు.

ఇక ఆవిడకి నా పాదాలు అక్కర్లేదు. మంచిదే. దారంతా అదే అనుకున్నాను, మంచిదే అని.

ఏప్రిల్ 5, శనివారం

వదిన మెసేజ్: రేపు పొద్దున సముద్రం. నేను ముందు.

ఏప్రిల్ 6, ఆదివారం

వదిన వెనక ఈదాను. కాస్త వంకరగా వెళ్తుంది. బోయ్ దగ్గర నాకు ఏమీ కాలేదు, ఊపిరి బాగానే ఉంది. అయినా చెయ్యి చాచి అరికాలి మీద రెండుసార్లు తట్టాను.

ఆగింది.