మైకులో చదవొద్దు

పాస్టరయ్యగారికి, గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి వందనాలు.

మా అబ్బాయీ వాడి జతగాడూ వేటకెళ్ళిన పడవ ఇంకా రాలేదు. గాలి లేవకముందే మిగతా పడవలన్నీ ఒడ్డెక్కాయి. వీళ్ళ ఫోను కలవడం లేదు.

ఆదివారం ప్రార్థనలో మైకులో చదవడానికి పేర్లు పంపమని కబురు చేశారు. అక్కడే చిక్కు అయ్యగారూ. సముద్రంలో ఉన్నవాడి పేరు ఒడ్డున పైకి అనకూడదని మా ఇంట్లో పాత పట్టింపు. బాప్తిస్మం తీసుకున్నా అది పోలేదు. నిన్న ప్రార్థనలో పేరు ఎత్తబోతే మా ఇంటిది కాసమ్మ నా నోరు మూసేసింది. "ఏటిది ముసలోడా! ఆడు ఒడ్డెక్కినాక పిలుద్దువుగానీ, ఊరుకో" అని ఏడ్చింది.

బైబిల్లో ప్రధాన యాజకుడు ఇశ్రాయేలు గోత్రాల పేర్లు రాళ్ళ మీద చెక్కించి, గుండె మీద పెట్టుకొని పరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడని మీరు చెప్పారు. కేకలు వేయలేదు కదా, మోశాడు. ఇప్పుడు పరలోకంలో యేసయ్య మన కోసం అలాగే నిలబడి ఉన్నాడన్నారు. ఆ మాటే పట్టుకొని ఉన్నాను.

అందుకే పేర్లు కింద రాశాను. మైకులో చదవొద్దు. ఈ కాగితం చొక్కా జేబులో, గుండె దగ్గర పెట్టుకొని మోకరించండి. మావాడి జతగాడు నరసన్న మన సంఘం వాడు కాడు, గంగమ్మకు మొక్కుతాడు. అయినా ఇద్దరిదీ ఒకటే పడవ. అతన్ని తీసెయ్యకండి.

ఏలియా
నరసన్న

పడవ వస్తే ఆ మైకు నాకివ్వండి. ఇద్దరినీ నేనే పేరు పెట్టి పిలుస్తాను.

ఇట్లు,
వెనక వరుసలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని ముసలివాణ్ణి