శంకర్ కొత్త కర్ర

ఆదివారం, రాత్రి

మా గని హాకీ టీంలో ఫుల్‌బ్యాక్ ఆడే శంకర్ ఈ పొద్దున నాగపూర్ నుంచి తెచ్చిన ఫైబర్ కర్ర చూపించాడు. రేపు గడ్‌చాందూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ టీం వాళ్లు ఆటగాళ్లను తీసుకుంటారు. ఎంపికైతే పక్కా నౌకరీ.

టీం కర్రలన్నీ నేనే చూస్తాను. దాన్ని ఎప్పటిలాగే బండకేసి కొట్టి చెవి పెట్టాను. మంచి కర్ర ఖంగున మోగాలి. ఇది మొద్దుగా మోగింది.

"లోపల పగిలింది రా. దీంతోని ఆడితే ఇజ్జత్ పోతది," అన్నాను.

"నువ్వు చెప్పినంక ఇంకేముంది కాకా," అని కొత్తది నా దగ్గరే పడేసి, పాత మల్బరీ కర్ర పట్టుకుపోయాడు. దాని మెడ బలహీనమని నాకు తెలుసు. రెండుసార్లు దారం చుట్టింది నేనే.

సాయంత్రం గ్రౌండ్‌లో పక్క గని టీంలో ఆడే గోపాల్ దగ్గర అలాంటి కర్రే కనబడింది. కొట్టి చూస్తే అదే మొద్దు చప్పుడు.

"ఫైబర్ చుట్టినయి గట్లనే మోగుతయి కాకా. నేను ఏడాది సంది ఆడుతున్న."

"నాకు నేర్పుతున్నవా?" అని వచ్చేశాను.

వాడు చెప్పింది నిజమే. శంకర్ బస్సు రేపు పొద్దున ఆరింటికి. కొత్త కర్ర పట్టుకుని ఐదున్నరకే బస్టాండులో ఉంటాను. పగులు బాగుచేశానని చెప్పి ఇస్తే నా మాట నిలుస్తుంది. కానీ పగిలిందనుకున్న కర్రతో వాడు గట్టిగా కొట్టడు. భయపడుతూ ఆడితే నౌకరీ రాదు.

తప్పు నాదేనని చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో మాత్రం...