వాయవ్యం గది

నాన్నగారి పాదాలకు పుత్రరత్నం శేషగిరి ఒంగోలు నుంచి మొక్కి రాయడం.

మన కొత్తింటి ప్లాను చూసి ఇంజనీరుగారు, "వాయవ్యం గది ఎవరికండీ?" అన్నారు. మా అక్కకన్నాను.

"త్వరగా పెళ్లి కావాలనా?"

"అయిందండీ. మొగుడు చెయ్యి విరిస్తే వచ్చేసింది. ఆ మూల పడుకున్న ఆడపిల్ల పుట్టింట నిలవదని మా సిద్ధాంతిగారు సెలవిచ్చారు."

ఆయన పెన్సిలు కింద పెట్టేశారు.

తమరి శాస్త్రభక్తికి జోహార్లు. నా గది అక్కకు మార్పించాను. వాయవ్యంలో నేను పడుకుంటాను, నిలవకపోతే నేనే పోతాను.

కల్లంలో మిరపకాయలు తడవలేదు కదా? అక్క చేతికట్టు విప్పారా? తనకూ ఓ గది వేశారని మురిసిపోతూ ఎడమచేత్తో నాకు ఉత్తరం రాసింది. అందుకే ఈ కార్డు ఇంటికి కాక మీ ఎరువుల కొట్టుకు రాస్తున్నాను. అమ్మకు నా దండాలు చెప్పి, దీన్ని చింపెయ్యండి.