బాపు కాలి మీద లాఠీ దెబ్బ

సిరిసిల్ల, 2011, ఆదివారం రాత్రి

కోరుట్లలో తెలంగాణ కోసం చేసిన రాస్తారోకోలో పోలీసు లాఠీ దెబ్బ బాపు పెట్టుడు కాలికి తగిలింది. నవ్వుకుంటూనే ఇంటికొచ్చాడు.

"కొట్టినోని చెయ్యే నొచ్చి ఉంటది, నాకేం గాలే" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ కాలు గాజు పోగుల పొరలను జిగురుతో అతికించి చేసింది. కాలేజీలో నా ప్రాజెక్టు ఇలాంటి పొరల పదార్థాల మీదే. పైకి చిన్న మచ్చ తప్ప ఏమీ లేదు. రూపాయి బిళ్ళతో తట్టి చూశాను. చుట్టూ టంగుమంది, మచ్చ దగ్గర మాత్రం డొల్లగా పలికింది. లోపల పొరలు విడిపోయాయి. అడుగు వేసినప్పుడల్లా ఇంకా విడిపోతాయి. ఒకరోజు నడుస్తుండగానే విరుగుతుంది.

"ఇది తొడగకు బాపూ, లోపల పలిగింది."

"గీత గూడ లేదు గద బిడ్డా! ఇది ఇడిస్తే సాంచా కాడ ఎట్ల నిలబడాలె? నువ్వే చెప్పు."

"అతికియ్యరాదా?" అని అమ్మ అడిగింది. లాభం లేదన్నాను. కరీంనగర్‌లో ఉచితంగా కాళ్ళు ఇచ్చే క్యాంపులో పేరు రాయిస్తే ఈ కాలు రావడానికే రెండేళ్ళు పట్టింది. ఈ బంద్‌లలో మళ్ళీ క్యాంపు ఎప్పుడో...

రేపు పొద్దున బాపు దీనితోనే మరమగ్గాల షెడ్డుకు పోతాడు, రోజంతా తన సాంచా ముందు నిలబడి బట్ట నేస్తాడు. ఎన్నో అడుగుకు విరుగుతుందో చెప్పేంత చదువు నాకింకా రాలేదు. వచ్చినా, ఇవ్వడానికి నా దగ్గర ఇంకో కాలు లేదు.