అదురు

మార్చి 3

చెల్లి కారు కొనుక్కుంటానంది. అడగడం కాదు, చెప్పడం. భోజనాల దగ్గర ఫోన్లో కారు ఫొటో తెరిచి మా ముందు పెట్టి, రెండు చేతులూ స్టీరింగ్ తిప్పుతున్నట్టు తిప్పి, బొటనవేలితో తన గుండె చూపించుకుంది. నాది, అని.

అమ్మ నా వైపు చూసింది. నువ్వైనా వద్దని చెప్పు అనే చూపు. నేను మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను.

చెల్లికి పుట్టుకతోనే వినపడదు. లైసెన్స్ మాత్రం దర్జాగా తెచ్చుకుంది. టెస్ట్ పెట్టినాయన ఇది అద్దాలు చూసుకునే పద్ధతి చూసి, చెవులున్నవాళ్ళు కూడా ఇలా నడిపితే నా ఉద్యోగం హాయిగా ఉండేదన్నాడట. ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. అయినా అమ్మ బెంగ అమ్మది. వెనక నుంచి లారీవాడు హారన్ కొడితే ఎలాగే అంటుంది.

మార్చి 8

షోరూమ్‌కి వెళ్ళాం. నేల మీద మన మొహం మనకే కనపడేంత పాలిష్. సేల్స్ అబ్బాయికి మెడలో టై, పెదాల మీద ఇస్త్రీ చేసిన నవ్వు. మేడమ్‌గారికి ఏ కలర్ ఇష్టమండీ అని నన్నడిగాడు. మేడమ్‌గారు అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది.

చెల్లి ఫోన్లో టైప్ చేసి అతని ముక్కు కింద పెట్టింది. కారు నాది, నాతో మాట్లాడండి. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ కంగారులో మ్యూజిక్ సిస్టమ్ గురించి ఎత్తుకుని, ఎనిమిది స్పీకర్లు మేడమ్ అనేసి, నాలిక్కరుచుకున్నాడు. చెల్లి పడీ పడీ నవ్వింది. ఆ స్పీకర్లు మీరే ఉంచుకుని నాకు నాలుగు మ్యాట్లు ఇవ్వండని టైప్ చేసింది.

ఆ తర్వాత ఆ అబ్బాయి చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. ఎవరూ చెప్పకుండానే మూడు మోడళ్ళు బయటికి తీయించి, స్టార్ట్ చేయించి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడమని చెల్లికి సైగ చేశాడు. చెల్లి కళ్ళు మూసుకుని ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించింది. పసిపిల్లకి జ్వరం ఉందేమోనని నుదురు చూస్తారే, అలా. మూడోదాని దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. ఇది, అంది.

రోజంతా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కస్టమర్ కేర్ వాళ్ళు మాట్లాడిన కాల్స్ విని మార్కులేయడం నా ఉద్యోగం. ఆ అబ్బాయికి పదికి పది.

మార్చి 21

డెలివరీ. పెద్ద రిబ్బన్, ఫొటో, చప్పట్లు. అందరూ రెండు చేతులూ పైకెత్తి గాల్లో ఆడించారు. వినపడనివాళ్ళకి చప్పట్లు అలా కొట్టాలని టై అబ్బాయి నిన్ననే నెట్‌లో చూసి అందరికీ నేర్పాడట. చెల్లి ఏడ్చేసింది. నేను ఏడవలేదని ఇక్కడ రాసుకుంటున్నాను గానీ అబద్ధం.

ఏప్రిల్ 6

ఈరోజు చెల్లి నన్ను ఆఫీసు దగ్గర దింపింది. దారి పొడవునా నేను ఒక్కసారి కూడా బ్రేక్ తొక్కినట్టు కాలు బిగించలేదు.

మే 11

చెల్లి తను పనిచేసే ల్యాబ్ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా నా దగ్గరికొచ్చింది. కారు, అంది. వేళ్ళు అల్లల్లాడిస్తూ చేతిని గుండెల మీద ఆనించింది.

మా ఇంట్లో ఆ సైగకి అర్థం చప్పుడు. కాలింగ్ బెల్ మోగితే అదే, ఉరుము ఉరిమితే అదే. చిన్నప్పుడు చెల్లే కనిపెట్టింది. మేం నేర్చుకున్నాం.

ఎడమకి తిరిగేటప్పుడు వస్తోందట. కాస్త స్పీడ్‌లో ఉంటేనేనట. నీకెలా తెలుసే అని అడగబోయి ఆగిపోయాను.

మే 14

చెల్లికి సెలవు దొరకలేదు. నేనే సర్వీస్‌కి తీసుకెళ్ళాను. సర్వీస్ సెంటర్ షోరూమ్ వెనకాలే ఉంటుంది గానీ అది వేరే లోకం. గ్రీజు వాసన, రెంచీల గణగణ, గాల్లోకి లేచి నిలబడ్డ కార్లు. అడ్వైజర్ ఒకావిడ, చేతిలో ట్యాబ్. సౌండ్ వస్తోందన్నాను. ఎలాంటి సౌండ్ మేడమ్ అంది. తెలీదన్నాను. మీ ఇబ్బంది మాకు అర్థమైంది మేడమ్ అంది. ఆ వాక్యం మా ఆఫీసు స్క్రిప్ట్‌లో కూడా ఉంది. ఏమీ అర్థం కానప్పుడు వాడతారు.

సాయంత్రానికి కారు కడిగి తళతళలాడించి ఇచ్చారు. సౌండ్ ఏమీ లేదట. 

చెల్లి ఎక్కి, వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఉంది, అంది.

మే 22

మళ్ళీ వెళ్ళాను. ఈసారి టెక్నీషియన్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటి దాకా నడిపాడు. ఏసీ ఆపి, అద్దాలెక్కించి, ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. నా చెవులు మామూలువి కావు. ఫోన్లో అవతలి మనిషి కళ్ళు తిప్పినా పసిగడతానని ఆఫీసులో పేరు. ఏమీ లేదు. టైర్లు, గాలి, అంతే.

అడ్వైజర్ గొంతు తగ్గించి అడిగింది. ఏమనుకోకండి మేడమ్, కంప్లైంట్ మీ సిస్టర్‌ది కదా, ఆవిడకి వినపడదు కదా, మరి సౌండ్ వస్తోందని ఎలా…

తాళం తీసుకుని వచ్చేశాను.

మే 24

అమ్మ తేల్చేసింది. అది భయపడుతోందే, ఒప్పుకోలేక కారు మీద పెడుతోంది, అమ్మేద్దాం అంది. నేను చెల్లి ఎదురుగా కూర్చుని నిదానంగా, పెదాలు కనపడేలా చెప్పాను. నేను విన్నాను, కారులో ఏమీ లేదు అని.

చెల్లి నా మొహం కేసి చాలాసేపు చూసింది. గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేది. తాళం ఫ్రిజ్ మీద పెట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

జూన్ 2

కారుకి కవర్ కప్పేశారు. అమ్మ తెప్పించిందట.

జూన్ 8, ఆదివారం పొద్దున

మర్చిపోకముందే రాసేస్తాను.

పొద్దున్నే చెల్లి నా దుప్పటి లాగేసింది. రా, అంది. కారు కవర్ తీసేసి ఉంది. చెప్పులు విప్పమంది. కారులో నా కాళ్ళ కింద మ్యాట్ కూడా తీసేసి, అరికాళ్ళు రెండూ నేల మీద ఆనించమంది. నా ఎడమచెయ్యి తీసి తలుపుకి ఆనించింది. కళ్ళు మూసుకోమంది.

బైపాస్ మీద ఎవరూ లేరు. కారు తిన్నగా పోతున్నంతసేపూ ఇంజిన్ నా పాదాల కింద పిల్లిలా గురగురలాడింది. ఆ మాత్రమైనా నాకు ఇదివరకు తెలీదు. తర్వాత ఎడమ మలుపు. ఏమీ లేదు. మళ్ళీ తిప్పుకొచ్చింది. ఏమీ లేదు. విసుగొచ్చి కళ్ళు తెరిస్తే, చెల్లి ఎడమచేత్తో నా చెవి పట్టుకుని మెలేసింది. చిన్నప్పుడు కూడా అలాగే చేసేది. అప్పుడర్థమైంది. నేను వింటున్నాను. పాదాలు అక్కడ పెట్టి చెవులతో వెతుకుతున్నాను.

ఈసారి వినడం మానేశాను. మలుపు వచ్చింది. కుడి కాలి మడమ దగ్గర, గురగుర అడుగున, ఇసుక. గుప్పెడు సన్నటి ఇసుకని ఎవరో రాయి మీద రుద్దుతున్నట్టు. మలుపు అయిపోగానే పోయింది.

కళ్ళు తెరిచేసరికి చెల్లి నన్నే చూస్తోంది. రోడ్డు చూడవే అని అరిచాను. నవ్వి, వేళ్ళు అల్లల్లాడించి గుండెల మీద పెట్టుకుంది.

అది చప్పుడు కాదు. ఎప్పుడూ కాదు. అది అదురు. కాలింగ్ బెల్ మోగితే గోడలో వచ్చే అదురు, ఉరిమితే కిటికీలో వచ్చే అదురు. దానికి తెలిసినది అది చెప్తే, మాకు తెలిసిన పేరు మేం పెట్టుకున్నాం. అదురు అని చెల్లి చెప్పింది. సౌండ్ అని నేను సర్వీస్ సెంటర్‌లో చెప్పాను. పాపం వాళ్ళు సౌండ్ వెతికారు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇంకేం తెలుస్తాయే నీకు అని అడిగాను. భుజాలెగరేసింది. నేలని బట్టి ఇంట్లో ఎవరు నడుస్తున్నారో తెలుస్తుందట. అమ్మ కొంతకాలంగా ఎడమకాలి మీద బరువు వెయ్యడం లేదట. మీకు చెప్పిందనుకున్నానంది.

వంటింట్లోకి వెళ్ళి నిలబడి చూశాను. నిజమే. మోకాలు నొప్పా అంటే అమ్మ ముందు కాదంది, తర్వాత ఎవరు చెప్పారంది.

జూన్ 10

ఈరోజు సర్వీస్ సెంటర్‌కి చెల్లే వచ్చింది. నేను నోరు మూసుకుని కూర్చుంటానని ఒట్టేయించుకుంది.

చెల్లి టైప్ చేసింది. సౌండ్ కాదు, అదురు. ఎడమకి తిరిగేటప్పుడు, కుడి ముందు చక్రం దగ్గర. అడ్వైజర్ అది రెండుసార్లు చదివి, ట్యాబ్ పక్కన పెట్టేసి, లోపలికెళ్ళి ఫోర్‌మన్‌ని వెంటబెట్టుకొచ్చింది. తెల్ల మీసాల పెద్దాయన. చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వెళ్ళొచ్చాడు. నాకేం తెలీలేదమ్మా అన్నాడు. కానీ మీకు తెలిసినట్టుంది, చూద్దాం అన్నాడు. ఆ రెండో మాటకి నేను ఆయన కాళ్ళ మీద పడేదాన్ని.

కారుని లిఫ్ట్ మీద ఎత్తారు. తల మీద అంత కారు. కింద నుంచి కారుని నేనెప్పుడూ చూడలేదు. పైన రంగూ మెరుపూ ఉన్న వస్తువు అడుగున ఇన్ని ఎముకలతో, ఇన్ని కీళ్ళతో ఉంటుందని తెలీదు. చెల్లి తలెత్తి, నోరు తెరుచుకుని, దాని చుట్టూ మెల్లగా తిరిగింది.

ఫోర్‌మన్ ఒక చక్రాన్ని చేత్తో తిప్పి, పక్కనున్న స్ప్రింగ్ మీద రెండో చెయ్యి వేశాడు. బేరింగ్ పాడైతే ఇక్కడ తెలుస్తుందట. నాలుగూ చూశాడు. పెదవి విరిచాడు. నువ్వు చూడమ్మా అని చేత్తో చూపించాడు.

చెల్లి చేసేది పళ్ళ ల్యాబ్‌లో పని. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి పింగాణీ పళ్ళు చెక్కుతుంది. కంటికి కనపడని ఎత్తుపల్లాలని గోరు చివర పట్టుకుని అరగదీస్తుంది. అవే వేళ్ళు స్ప్రింగ్ మీద పెట్టింది. ఎడమ ముందుది తిప్పారు. తల ఊపింది, బాగుంది. వెనకవి రెండూ బాగున్నాయి. కుడి ముందుది తిప్పారు.

చెల్లి చెయ్యి ఠక్కున వెనక్కి తీసుకుంది. కాలినట్టు.

పక్క లిఫ్ట్ దగ్గర పని చేసేవాళ్ళు రెంచీలు దించారు. అంత గోల చేసే షెడ్డులో గాలి పైపు బుసకొట్టడం కూడా ఆగిపోయింది. ఫోర్‌మన్ చక్రం ఊడదీసి, బేరింగ్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, లైటు కింద పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గుండ్రటి ఉక్కు లోపల వెంట్రుకంత గీత. దాని పక్కన పొట్టు లేచిన మచ్చ.

ఇంకొన్నాళ్ళు ఇలాగే తిప్పి ఉంటే చక్రం బిగుసుకుపోయేదట, మంచి స్పీడ్‌లో ఉండగా.

ఆయన చెల్లి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిరగేసి, వేళ్ళ చివరలు చూశాడు. ఏదో అన్నాడు. ఏమన్నాడని చెల్లి నన్నడిగింది. ఆయన మాటని చేతుల్లోకి మార్చడానికి నాకు కాసేపు పట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పనమ్మా, ఇలాంటి చెయ్యి చూడలేదు, అన్నాడు.

వెళ్ళేటప్పుడు అడ్వైజర్ గేటు దాకా వచ్చింది. ఈసారి స్క్రిప్ట్ లేదు. సారీ అండీ, నాకు నిజంగా అర్థం కాలేదు ఆరోజు, అని చెల్లి మొహం చూస్తూ, నిదానంగా, పెదాలు కనపడేలా చెప్పింది. నేర్పకుండానే.

జూన్ 12

అమ్మ పక్కింటావిడతో చెప్తుంటే విన్నాను. మా చిన్నదానికి ఇనుములో జబ్బు కూడా తెలిసిపోతుందమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే, నేను ఎప్పుడో కనిపెట్టాను అంటోంది. కారు అమ్మేద్దామన్నది ఎవరో మరి.

జూన్ 27

సర్వీస్ మేనేజర్ చెల్లికి మెసేజ్ పెట్టాడు. మా కారుతో పాటు అదే లాట్‌లో వచ్చిన కార్లన్నీ వెనక్కి పిలిపించి విప్పి చూశారట. ఇంకో రెండింటిలో అదే గీత. ఒకటి స్కూలు పిల్లల్ని దింపే కారట. డ్రైవర్‌కి ఏ తేడా తెలీలేదట.

చెల్లి ఆ మెసేజ్ నాకు చూపించి బాల్కనీలోకి వెళ్ళింది. చాలాసేపు రెయిలింగ్ మీద చేతులు పెట్టుకుని కింద రోడ్డు మీద పోయే కార్లని చూస్తూ నిలబడింది. పక్కన నిలబడ్డాను. ఇన్నేళ్ళూ దీని తరఫున నేను లోకంతో మాట్లాడుతున్నాననుకున్నాను. లోకం దీనితో నేరుగా మాట్లాడుతూనే ఉంది.

జూలై 13

చెల్లి నడుపుతోంది. నది మీది పాత రైలు వంతెన పక్కన కారాపింది. నా చెయ్యి తీసుకుని వంతెన ఇనప కమ్మీ మీద పెట్టింది. కళ్ళు మూసుకున్నాను.

చాలాసేపు చల్లటి ఇనుము, అంతే.

తర్వాత వచ్చింది. ఎక్కడో దూరం నుంచి, వేళ్ళలోంచి మోచేతుల దాకా, మోచేతుల్లోంచి పళ్ళ దాకా.

కళ్ళు తెరిచాను. పట్టాలు ఖాళీగా ఉన్నాయి. చెల్లి అప్పటికే రైలు రావాల్సిన వైపు చెయ్యి ఊపుతోంది.